ట్రంకుపెట్టెలో ముత్తాత కాగితాలు దొరికాయి, ఆయన కథ ఎలా రాయాలి?

కందుకూరు కుర్రోడు:
అందరికీ నమస్కారం. కందుకూరు దగ్గర పల్లెలో మా పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద నుంచి ఒక ట్రంకుపెట్టె దిగింది. భోగి మంటకి పనికొస్తాయిలే అంది మా అమ్మ. తీసి చూస్తే మా ముత్తాతవి, అంటే మా నాయనకి జేజినాయనవి: శిస్తు రసీదులు, సగం చెదలు తిన్న లెక్కల పుస్తకం, ఒక ప్రామిసరీ నోటు. నోటు మీద "ఆంగీరస సం. చైత్రం, రూ. 150" అని ఉంది, కింద వేలిముద్ర. వెనకాల రెండు చోట్ల "చెల్లు రూ. 1" (అంటే రూపాయి ముట్టినట్టు రాత), ఆఖర్న బహుధాన్య సంవత్సరంలో "రూ. 158 ముట్టినది, బాకీ లేదు" అని ఉంది. మా ఇంట్లో చెప్పుకునేది ఏమిటంటే, కరువు రోజుల్లో ముత్తాత నిజాయితీ చూసి షావుకారు వడ్డీ మొత్తం వదిలేశాడని. నాకూ అదే రాయాలని ఉంది. కానీ రసీదుల మీద ఫసలీ 1341 అని ఏవేవో అంకెలు, అవి అర్థం కావట్లేదు. ఆయన చేతుల మీద పెరిగిన వాళ్ళలో మిగిలింది మా పెద్ద మేనత్త ఒక్కతే, 78 ఏళ్ళు. ఫోన్ ఎదురుగా పెడితే చాలు, చీర సర్దుకుని "ఏముందిరా చెప్పడానికి, కష్టపడ్డాడు, పోయాడు" అంటుంది.

పాత కాగితం:
ముందు ఒక మాట, లామినేషన్ జోలికి పోవద్దు. మా తాత దస్తావేజు నేనే మోజుపడి చేయించా, రెండేళ్ళకి లోపల పసుపు తిరిగింది, ఇప్పుడు బయటికి తీస్తే కాగితం కూడా ఊడి వస్తుంది. సెల్లో టేపూ వద్దు. ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో, రెండు వైపులా ఫొటోలు తీసుకోండి, వీలైతే స్కాన్ చేయించండి. వెనక వైపు ఖాళీగా ఉన్నా సరే తీయండి, చెల్లులన్నీ అక్కడే ఉంటాయి.

రిటైర్డ్ రెవెన్యూ:
బాబూ, ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలుపుకో. 1341 అంటే 1931 జూలై నుంచి 1932 జూన్ దాకా. ఆంగీరస చైత్రం అంటే 1932 ఏప్రిల్, బహుధాన్య అంటే 1938-39. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, 1970లో వచ్చింది. మీ కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఒంగోలు గుంటూరు జిల్లాలో. కాబట్టి పాత రికార్డు కోసం ఒంగోలు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోకు.

ఇక షావుకారు సంగతి. బాధపడకు గానీ, వడ్డీ వదిలేసింది ఆయన కాదు, చట్టం. 1929 తరవాత ధాన్యం ధర ఇంచుమించు సగానికి పడిపోయింది. శిస్తూ వడ్డీ మాత్రం రూపాయల్లోనే కట్టాలి. ఒక బస్తా అమ్మితే తీరేదానికి రెండు బస్తాలు అమ్మాల్సి వచ్చింది, రైతులు అప్పుల్లో మునిగారు. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో రైతుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు, అసలు కడితే చాలు. ఆ తేదీ తరవాత నూటికి ఆరుంపావు వడ్డీ. మీ 150కి పైన ఎనిమిది ఎక్కడిదో లెక్క సరిపోయిందా? మధ్యలో ఆ రూపాయి చెల్లులు బాకీ తీర్చడానికి కావు. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది, అంటే కోర్టులో దావా నిలవదు, అందుకని షావుకార్లు గడువు లోపలే ఒక రూపాయి తీసుకుని చెల్లు వేయించేవాళ్ళు, దాంతో గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క. తేదీలు చూడు, మూడేళ్ళు నిండకముందే ఉంటాయి.

ఇంట్లో చెప్పుకునే కథ కొట్టేయకు. అదీ రాయి, నోటు ఏం చెబుతోందో అదీ రాయి.

పెన్న ఒడ్డు:
కందుకూరు గారూ, మీ అత్తని "జీవితం గురించి చెప్పు" అని అడిగితే ఎవరు మాత్రం చెబుతారు? మా అవ్వతో నేనూ అలాగే రెండు నెలలు పాడుచేసుకున్నా. ఒకరోజు చింతపండు గింజ తీస్తుంటే పక్కన కూర్చుని "సంగటిలోకి ఏం నంజుకునేవాళ్ళు?" అన్నా, అంతే, గంటన్నర ఆగలేదు. ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి బోర్లా పడేయండి. ముందే చెప్పి పెట్టండి సుమా, దొంగచాటుగా మాత్రం వద్దు. ఏ సంవత్సరం అని అడక్కండి, "అప్పటికి మీ నాయనకి పెళ్ళయిందా?" అనండి. ఇంటికెళ్ళగానే ఫైలుకి పేరు, తేదీ పెట్టి ఇంకో ఇద్దరికి పంపండి. మా రికార్డింగ్ ఫోన్‌తో పాటే పోయింది.

కందుకూరు కుర్రోడు:
ఆదివారం అత్త దగ్గరికి పోయొచ్చా. రెవెన్యూ గారు చెప్పినట్టే చెల్లులు రెండూ మూడేళ్ళ లోపలే ఉన్నాయి. వడ్డీ సంగతి చెబితే అత్త కాసేపు మాట్లాడలేదు, తరవాత "షావుకారు వదిలాడని మా నాయన చెప్పాడు మరి" అంది. అప్పుడు నోటు చేతికిచ్చా. ముందు వైపు వేలిముద్ర సరే, వెనకాల 1938 నాటి రాత కింద వంకరటింకరగా ఒక సంతకం ఉంది, నేను సాక్షిదనుకున్నా. కాదట, ఆయనదే! చేతికొచ్చింది నూట ఇరవై, నోటులో రాసింది నూట యాభై అని తరవాత ఎవరో చదివి చెబితే తెలిసిందట. ఆ ఏడే బడికి పోతున్న ఎనిమిదేళ్ళ కొడుకు పలక తీసుకుని రాత్రిళ్ళు బుడ్డి దీపం దగ్గర కూర్చున్నాడట. ఆ కొడుకే అత్త వాళ్ళ నాయన. "బలపం అరిగిపోతోందని మా నాయన ఏడ్చేవాడంట" అని అత్త నవ్వింది. కథ ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నా. సంక్రాంతికి మా వాళ్ళంతా వస్తారు, ఈ లోపు లెక్కల పుస్తకం ఫొటోలు పెడతా, రెవెన్యూ గారూ, ఆ గొలుసుకట్టు రాత చదవడానికి మీ సాయం కావాలి.