సమస్య: “కొంగ ముక్కును మీనము కోరి చేరె”

నిర్వాహకుడు: తేటగీతి పాదం. శాపాలూ పూర్వజన్మలూ వద్దు, పరాన్నజీవి పనిగానే పూరించాలి.

తుంపర:
కడుపు నిండుగ పురుగుండ కదలలేక
భయము వీడి నీటిపయిన పరుగు మాని
పురుగు నడిపింప తనదైన బుద్ధి తప్పి
కొంగ ముక్కును మీనము కోరి చేరె

నిర్వాహకుడు: స్టికిల్‌బ్యాక్ చేపలోని స్కిస్టోసెఫాలస్ బద్దెపురుగే కదూ! అది మెదడులోకి పోదు, కడుపులోనే చేపంత బరువుకు దరిదాపుగా పెరుగుతుంది. మొదటి పాదం భేష్. కానీ కదలలేనిది ‘చేరె’ ఎలా? పైనుంచి పక్షి వచ్చినట్టు భయపెట్టినా పురుగున్న చేప త్వరగా మేతకు తిరిగొస్తుంది. ఆ ఆకలిని పట్టుకోవాల్సింది.

గవ్వ:
నత్త విడిచిన పురుగులు నయనమందు
చేరి పెరిగి చూపును కప్ప చీకటాయె
నీడ కనలేదు రెక్కల సడియు వినక
కొంగ ముక్కును మీనము కోరి చేరె

నిర్వాహకుడు: మూడో పాదంలో నీ–స యతి చెల్లదు. పైగా మీరు చెప్పే పురుగు, డిప్లోస్టోమమ్, చేరేది కంటి కటకంలో, చెవికేమైందండీ? ‘చాయ కనలేక రెక్కల జాడ మఱచి’ అంటే రెండూ తీరతాయి. అయినా గుడ్డిది ‘కోరి’ పోదు, పొరపాటున పోతుంది. సమస్య తీరలేదు.

రేవు:
మీను తానుగ కోరదు, మెదడులోన
పురుగు ముదురగ కొంగయె పుట్టినిల్లు;
దాని కోరికే చేపకు తనదికాగ
కొంగ ముక్కును మీనము కోరి చేరె

గవ్వ: ‘పుట్టినిల్లు’ అదిరింది రేవు గారూ! గుడ్లు పెట్టేది పక్షి పేగులోనే, రెట్టతో నీళ్లలో పడి నత్తను చేరేదీ అక్కడినుంచే.

నిర్వాహకుడు: నాకు ‘ముదురగ’ ఇంకా నచ్చింది. పురుగు లేతగా ఉండగా పక్షి తినేస్తే దానికీ చావే. అందుకే రెయిన్‌బో ట్రౌట్‌లో లేత పురుగులు చేపను మందకొడిగా ఉంచుతాయి, ముదిరాక చురుకెక్కించి బయటపెడతాయి. కాకపోతే ఆ ప్రయోగం కంటి పురుగుతో చేసింది. మెదడులో ఉండేది ఐరోపా మిన్నో చేపలోని డిప్లోస్టోమమ్ ఫాక్సినై. రెంటినీ ఒకే పద్యంలో కలిపేశారు. (కంటి పురుగుకు ఎక్కువగా దొరికేది కొంగ కాదు, గల్ పక్షి. ఆ తప్పు నా సమస్యది, మీది కాదు.)

తుంపర: గిరగిర తిరిగే ట్రౌట్‌ను ఎవరూ ముట్టుకోలేదేం?

రేవు: అది మిక్సోబోలస్ అనే సూక్ష్మ పరాన్నజీవి పనండీ. పిల్లచేప మృదులాస్థిని తింటుంది, మెదడు కాడా వెన్నుపామూ నొక్కుకుపోయి చేప తిరుగుతుంది. బతకడానికి చేప కాక ట్యూబిఫెక్స్ పురుగు ఉంటే దానికి చాలు, కొంగతో పనిలేదు. వేరే సమస్య ఇప్పించుకోండి.