నోటిఫికేషన్‌ను ‘కబురు’ అందామా?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కూడా, అందుకే వాడుక మాట దొరికితే వదలబుద్ధి కాదు. నలుగురూ కలిసి రాసే సైట్లలో మన మాటకు ఎవరైనా బదులిస్తే ఒక నోటిఫికేషన్ వస్తుంది కదా, దానికి తెలుగు మాట ఏది? ‘సూచన’ అంటే సలహా అనుకుంటారు. ‘ప్రకటన’ ఊరందరికీ చెప్పేది. నాకు నచ్చింది ‘కబురు’. అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చినా ఇప్పుడది మన ఇంటి మాటే. మా పక్కింటి ఒడియా వాళ్లూ ‘ఖబర’ అంటారు.

చాటింపు ఊరికి వేస్తాం, కబురు మనిషికి పెడతాం. సైట్లు తయారుచేసేవాళ్లు పట్టుకోవలసిన తేడా ఇదే. వికీపీడియాలో చర్చాపేజీని వీక్షణ జాబితాలో (మనం కనిపెట్టి చూసుకునే పేజీల జాబితాలో) పెట్టుకుంటే అక్కడ ఎవరు ఏం మార్చినా కనిపిస్తుంది. అది చాటింపు. రచ్చబండ (తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే చర్చాపేజీ) లాంటి పెద్ద పేజీలో మనకొచ్చిన జవాబు ఆ సందడిలో కలిసిపోతుంది. ఒక్క చర్చకే చందా చేరితే (డబ్బు కాదు, దాని సంగతి తెలియజేయమని నొక్కడం), దాని కింద కొత్త వ్యాఖ్య పడినప్పుడే తెలుస్తుంది. అది కబురు.

రాయగడ నుంచి: పేరు పెట్టి పిలిస్తే వచ్చేదాన్ని కూడా కబురే అంటారా అన్నయ్యా? పెళ్లి కుదిరిందని కబురు రావడం వేరు, బొట్టు పెట్టి పిలవడం వేరు కదా.

నిజమేనమ్మా, అది ‘పిలుపు’. వికీలో పిలిచే మనిషి వాడుకరి పేజీకి లింకు, మన సంతకం ఒకే మార్పులో పడితేనే పిలుపు అందుతుంది. సంతకం మరిచి తర్వాత పెడితే అందదు. పిలిచాం కదా అని వీళ్లు, పిలవలేదని వాళ్లు. వికీలోనే ఉన్న జవాబిచ్చే పరికరంతో రాస్తే సంతకం దానంతటదే పడుతుంది, కొత్తవాళ్లకు ముందు అదే చూపించాలి.

బరంపురం నుంచి: ‘కబుర్లు’ అంటే ఊసులు కదండీ. గంట బొమ్మ పక్కన ‘5 కబుర్లు’ అని ఉంటే ఏమనుకోవాలి?

గట్టి అభ్యంతరమే. కానీ క్రియ చూడండి: చెప్పుకుంటే ఊసులు, వస్తే వార్తలు. ‘5 కబుర్లు వచ్చాయి’ అని పూర్తిగా రాస్తే తికమక ఉండదు. ఎవరు బదులిచ్చారో, ఏ మాటకో, మొదటి వాక్యం ఏమిటో అందులోనే ఉండాలి. నొక్కితే నేరుగా ఆ జవాబు దగ్గరికే వెళ్లాలి. పేజీ మొత్తం వెతుక్కోవాల్సి వస్తే అది సగం కబురే.

జయపురం, కొరాపుట్ వాళ్లు, మీ ఇళ్లలో కబురు ‘పెడతారా’, ‘పంపుతారా’, ‘చేస్తారా’? చెప్పండి, బొత్తాం మీద రాయడానికి క్రియ కావాలి.