మూడు చోట్ల మందులు తెచ్చుకునే షుగరు, బీపీ వాళ్లకు ఒకే లిస్టు ఎవరు రాయాలి?

కౌంటర్ మనిషి, చంద్రగిరి
పీహెచ్‌సీలో నెల మాత్రలు, తిరుపతి రుయా పెద్దాసుపత్రి ఓపీ నుంచి కొన్ని, ప్రైవేటు డాక్టరు చీటీ మీద ఇంకొన్ని. పేర్లు వేరు, లోపల మందు ఒకటే. చానా మంది పెద్దోళ్లు రెండూ మింగేస్తున్నారు. షాపులో మనం ఎంతవరకు చూడొచ్చు? ఒకటి ఆపమని చెప్పొచ్చా?

క్లినికల్ ఫార్మసీ, తిరుపతి
ఆపమని మనం చెప్పకూడదన్నా. కానీ పట్టుకోవాల్సింది మనమే. చీటీలు చూస్తే సగమే తెలుస్తుంది. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి. బ్రాండు వదిలేసి, వెనక సన్నక్షరాల్లో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట, ఎవరు రాశారు, ఇవి ఒక పేజీలో రాయండి. ఎక్కువగా చూడాల్సింది షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర. ఒకచోట విడిగా ఇస్తారు, ఇంకోచోట మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగరు మందుతో కలిపిన మాత్రలో వస్తుంది. రెండూ వేసుకుని శనివారం ఒక్కపొద్దు ఉంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోమనండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

డాక్టరుకు ఫోన్ చేస్తే తప్పు పట్టినట్టు కాకుండా, "గ్లిమెపిరైడ్ రెండు చోట్ల నుంచి వస్తోంది సార్, ఏది ఉంచమంటారు?" అని అడగండి. జవాబు, తేదీ ఆ పేజీలోనే ఉండాలి.

ఇన్సులిన్ కౌంటర్
ఆ సంచిలో నొప్పి మాత్రలు కూడా వెతకండి. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడేవాళ్లు మోకాళ్లకని రోజూ డైక్లోఫెనాక్ వేసుకుంటే, మన ఎండల్లో నీళ్లు కూడా తగ్గితే కిడ్నీకి దెబ్బ.

ఇన్సులిన్‌లో ఇంకో ప్రమాదం. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్‌కే. ఇన్సులిన్ పెన్ను పాడైందని, అందులో వేసే, మిల్లీలీటరుకు 100 యూనిట్ల కార్ట్రిడ్జ్ (మందు గొట్టం) నుంచి దాంతో లాగితే, 10 గీత దగ్గర 25 యూనిట్లు పడతాయి.

పీహెచ్‌సీ ఫార్మసిస్టు, పాకాల వైపు
పేజీ షాపు డ్రాయర్లో ఉంటే దండగ. ఒక కాపీ రోగికి, ఇంకోటి ఆయన సరేనంటే ఏఎన్‌ఎంకు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు. మా వైపు పొరపాటూ ఉంటుంది: బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములది అయిపోయి 2.5ది ఇచ్చినప్పుడు "రెండేసి" అని కవరు మీద రాయకపోతే నెలంతా సగం డోసే.

కౌంటర్ మనిషి, చంద్రగిరి
సరే. ఓపీ చీటీ మీద డాక్టరు నంబరు ఉండదు కదా, అప్పుడు?

క్లినికల్ ఫార్మసీ, తిరుపతి
పేజీ చేతికిచ్చి అదే రోజు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ దగ్గరికి పంపండి. డబుల్ గ్లిమెపిరైడ్ వచ్చే ఓపీ దాకా ఆగదు.