దిగుతున్న విమానం మధ్యలో ఎందుకు ఆగినట్టుంటుంది? అమ్మకు చెప్పాలి

మానేరు గట్టు:
మొన్న అమ్మను ఢిల్లీ నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాను. 68 ఏళ్లు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. దిగడం మొదలయ్యేదాకా అంతా బాగానే ఉంది. తర్వాత ఇంజిన్ల చప్పుడు తగ్గిపోయి, మెత్తగా కిందకి జారుతున్నట్టు అనిపించింది. కాసేపటికి దిగడం ఆగింది, ఒళ్లు సీట్లోకి నొక్కినట్టయింది, ఇంజిన్లు మళ్లీ గట్టిగా మోగాయి. రెండు మూడు నిమిషాలకు చప్పుడు తగ్గి మళ్లీ దిగడం. ఇలా రెండుసార్లు. ఒకసారైతే రెక్క మీద రేకులు పైకి లేచి విమానం సన్నగా వణికింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఏమైందే, దించలేకపోతున్నారా?" అంది. ఏం కాదమ్మా అన్నాను గానీ, ఎందుకు ఏం కాదో నాకూ తెలియదు. వచ్చే నెల మళ్లీ ఢిల్లీలో చెల్లెలి దగ్గరికి వెళ్లాలి. రైల్లోనే పోతానంటోంది. ఆమెకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా?

రాడార్ తెర:
అమ్మా, నేను పాతికేళ్లకు పైగా ఏటీసీలో, అంటే నేల మీద నుంచి విమానాలకు దారి, ఎత్తు చెప్పేచోట, పనిచేసి రిటైరయ్యాను. మీ అమ్మగారు భయపడ్డ ఆ రెండు మూడు నిమిషాల వెనక చాలాసార్లు నాలాంటివాళ్ల మాటే ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దిగేటప్పుడు ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 నాటికల్ మైళ్ల దూరం, అంటే ఐదున్నర కిలోమీటర్లు కావాలి. 35,000 అడుగుల్లో ఉన్న విమానం దాదాపు 200 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెడుతుంది. మీ విమానమైతే ఇంచుమించు నిర్మల్ దగ్గర. అక్కడ ఇంజిన్లను ఐడిల్‌కు, అంటే బాగా తక్కువ బలానికి తెస్తారు. చప్పుడు తగ్గినా ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయి.

దారిలో ఎవరూ లేకపోతే పైలట్ ఆగకుండా దిగిపోవచ్చు. కానీ అదే సమయానికి శంషాబాద్ నుంచి లేచిన ఇంకో విమానం ఎదురుగా పైకి వస్తూ ఉంటుంది. దారులు కలిసేచోట రెండింటి మధ్య ఎత్తులో కనీసం 1,000 అడుగుల తేడా ఉండాలి. అందుకని దిగేవాళ్లను, ఉదాహరణకు, 12,000 దగ్గర ఆగమంటాం, ఎక్కేవాళ్లను 11,000 దాటొద్దంటాం. రాడార్ మీద రెండు చుక్కలూ ఒకదాన్నొకటి దాటాక, మళ్లీ దిగమని చెప్తాం. అప్పటిదాకా విమానం ఒకే ఎత్తులో సాగాలి, దానికి ఇంజిన్ బలం కావాలి. మీకు వినిపించిన మోత అదే. ఆ చుక్కలు దాటేదాకా నేను తెర మీద నుంచి కళ్లు తిప్పేవాణ్ణి కాదు. ఆ సంగతి మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

రెండో కారణం వేగం. సాధారణంగా 10,000 అడుగుల కిందకి వచ్చాక 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు. దిగే విమానం అంతకంటే జోరుగా వస్తుంది. అమ్మగారు తిరుపతి వెళ్లే ఉంటారు. ఘాట్ రోడ్డులో దిగే బస్సు వాలులో జోరందుకుంటుంది, చదునుగా ఉన్నచోటికి రాగానే నెమ్మదిస్తుంది. విమానమూ అంతే. దిగుతూ దిగుతూ వేగం తగ్గించుకోవడం దానికి కష్టం, అందుకే కాసేపు సమంగా సాగి వేగం తగ్గించుకుని మళ్లీ దిగుతుంది. అది చాలకపోతే రెక్కల మీది స్పీడ్ బ్రేకులు పైకెత్తుతారు. మీరు చూసిన రేకులు అవే. గాలికి అడ్డం నిలబడతాయి గనక ఆ వణుకు వస్తుంది.

చివర్లో, రన్‌వే దగ్గర్నుంచి 3 డిగ్రీల వాలులో పైకి వచ్చే రేడియో సంకేతాన్ని విమానం కింది నుంచి అందుకోవాలి. అందుకోసం కూడా కాసేపు సమంగా సాగడం మామూలే.

ఇంకో మాట. సమంగా పోతూ వేగం తగ్గితే లోపలి చెవికి ముక్కు కిందకి వంగినట్టు తోస్తుంది. పడిపోతున్నామేమో అనిపించేది చాలావరకు అప్పుడే. కిటికీలోంచి దూరంగా నేల అంచు చూస్తే ఆ భ్రమ తగ్గుతుంది.

డాలస్ అబ్బాయి:
సార్, చాలా బాగా చెప్పారు. ఒక సందేహం. అర్ధరాత్రి దాటాక దిగే విమానాల్లో నాకు ఈ ఆగడాలు పెద్దగా కనిపించవు. ఎందుకంటారు?

రాడార్ తెర:
బాబూ, ఆ వేళ రద్దీ తక్కువ. ఎదురొచ్చేవాళ్లు లేకపోతే పైనుంచి కిందిదాకా ఒకే వాలులో దింపేస్తాం. పైలట్లకూ అదే ఇష్టం, ఎందుకంటే తక్కువ ఎత్తులో సమంగా పోతే ఇంధనం ఎక్కువ కాలుతుంది, కింద ఊళ్లవాళ్లకు మోత ఎక్కువ. వీలైనచోటల్లా అలా ఆగకుండా దింపాలనే ఇప్పుడు ప్రయత్నం. సాయంత్రం విమానాలు వరసకట్టినప్పుడు మాత్రం కుదరదు. అప్పుడు నేను ఇంధనం గురించి ఆలోచించేవాణ్ణి కాదు, మధ్యలో ఉండాల్సిన దూరం గురించే ఆలోచించేవాణ్ణి.

మానేరు గట్టు:
ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి సార్. మీరు రాసినదంతా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఘాట్ రోడ్డు మాట వినగానే "ఆ, తెలుసు" అంది. కళ్లు తిప్పకుండా చూసేవాళ్లు ఉంటారన్నచోట మళ్లీ చదవమంది. రైలు టికెట్ రద్దు చేయించింది.

నిన్ననే ఢిల్లీ నుంచి తిరిగొచ్చాం. దిగేటప్పుడు ఈసారీ ఒకచోట ఆగింది, ఇంజిన్లు మోగాయి. నేను అమ్మ వైపు చూశాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. "ఎదుటి బండి దాటిపోవాలి కదా" అంటూ కిటికీకి మొహం ఆనించి దానికోసం వెతుకుతోంది. బయటంతా మబ్బు, ఏమీ కనపడలేదు. మళ్లీ దిగడం మొదలయ్యాక "పోయినట్టుంది" అని వెనక్కి ఆనుకుంది.