ఐర్లండ్ మొఖం చూడలేదట, మరి ఈ యాస యాడికెల్లి వచ్చింది?

హన్మకొండ టీచరమ్మ:

అందరికి నమస్తే. హన్మకొండల ముప్పై ఏండ్లు ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి పోయినేడు రిటైరైన. మా చిన్నబిడ్డ కెనడాల న్యూఫౌండ్‌లాండ్ దీవిల, సెయింట్ జాన్స్‌ల చదువుతున్నది. (ఆ దీవి గడియారానికి పక్క రాష్ట్రాలతోని అరగంట తేడా. మనది కూడ అరగంట గడియారమే కాబట్టి రెండు అరగంటలు కొట్టుకపోయి చలికాలంల సరిగ్గ తొమ్మిది గంటల లెక్క. నాకు అల్కగయింది.)

బిడ్డ ఉండేది ఒక పెద్దామె ఇంటి కింది అర్రల. డెబ్బై దాటినయట. దిగిన వారంలనే బిడ్డ ఫోన్ జేసి, "మమ్మీ, ఈమెకు మతి సక్కగున్నదా? 'ఐయామ్ ఆఫ్టర్ లూజింగ్ మై కీస్' అంటున్నది, అంటే తర్వాత పోగొట్టుకుంటదా?" అని ఒకటే నవ్వు. తీరా సూస్తే తాళాలు అప్పటికే పోయినయి. ఆమె వాకిట్ల చలిల నిలవడి ఉన్నది.

తర్వాత నేను వీడియోల మాట్లాడిన. 'థింగ్'ను 'తింగ్' అన్నది, 'దట్'ను అచ్చం మన 'ద' తోని పలికింది. నాలుక పండ్ల నడుమ వెట్టి పలుకుమని ముప్పై ఏండ్లు పిల్లలను సతాయించిన మనిషిని నేను. ఇంగ్లిషే తల్లిభాష అయినామె ఎదురుంగ కూసోని గిట్ల పలికితే నా గతేంగావాలె! ఇద్దరు ముగ్గురు ఉంటే 'యూ' అనది, 'యీ' అంటది. నువ్వు, మీరు తేడా అన్నట్టు. బిడ్డ ఒకనాడు తలస్నానం జేసి జుట్టు దువ్వకుండ బయటికి పోతుంటే "స్ట్రీల్ లెక్క ఉన్నవ్" అన్నదట. మేమైతే శివసత్తి లెక్క అంటం గదా, గసొంటిదే అనుకుంట.

వినుడుకు అచ్చం ఐరిష్ యాస లెక్క ఉన్నదని, మీరు ఐర్లండ్ నుంచి ఎప్పుడొచ్చిన్రని అడిగిన. నేనెప్పుడు పోలేదు, మా అవ్వ గూడ పోలేదు, మా తాత తాత ఎవరో వచ్చిండు అన్నది.

రెండొందల ఏండ్లు యాస నిలుసుడు ఎట్ల? మా పక్కింటోళ్ల మనుమలు డల్లాస్‌ల పుట్టిన్రు, ఎండకాలం వస్తరు. పదేండ్లు గాలే, తెలుగు "అమ్మమ్మ, వాటర్" కాడికొచ్చి ఆగింది. వాళ్లు చేసింది ఏంది, మనం చెయ్యనిది ఏంది? తెలిసినోళ్లు చెప్పున్రి.

కొత్తవాడ పోరడు:

మేడం నమస్తే. నేను అదే ఊర్ల రెండేండ్లు చదివిన, ఇప్పుడు వరంగల్ కొత్తవాడల మా నాయిన జంపఖానల పని చూసుకుంటున్న. మీ ఇంటామె మాట సదువుతుంటే చెవుల వినవడ్డట్టే అయింది.

ముందు 'ఆఫ్టర్' సంగతి. అది ఇంగ్లిష్ మాటలతోని మాట్లాడే ఐరిష్ వాక్యం. ఐరిష్ భాషల ఇప్పుడే అయిపోయిన పనిని 'తర్ ఏష్' అని చెప్తరు, అంటే 'తర్వాత'. తాళాలు పోగొట్టుకున్న తర్వాత ఉన్న అని. ముత్తాతలు ఇంగ్లిష్ నేర్చుకున్నరు గని లోపటి అచ్చు అదే ఉన్నది. మన పిల్లలు 'పోయొస్త' అనేదాన్ని 'ఐ విల్ గో అండ్ కమ్' అంటరు గదా, మీరు ఎర్రపెన్నుతోని కొట్టేసుంటరు. రెండొందల ఏండ్లు ఎవరు కొట్టెయ్యకుంటే అదే వ్యాకరణమైతది.

ఇగ వాళ్లు వచ్చిన తీరు. ఇంగ్లండ్ నైరుతి దిక్కు నుంచి కాడ్ చేపల కోసం పోయే ఓడలు తొవ్వల ఐర్లండ్‌ల వాటర్‌ఫర్డ్ రేవుల ఆగేటియి. ఉప్పేసిన పందిమాంసం, వెన్న, రొట్టెలు ఎక్కించుకునేటోళ్లు, వాటితోని మనుషులను గూడ. 'రెండు ఎండకాలాలు, ఒక చలికాలం' అని కూలి ఒప్పందం. చేపలు పట్టుడు, కోసుడు, ఎండవెట్టుడు, మళ్ల ఇంటికి. కొందరు ఇంటికి పోకుండ అక్కడ్నే ఉండిపోయిన్రు. 1800 నుంచి 1830 నడుమ మస్తు మంది వచ్చిన్రు. దాదాపు అందరు వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్, కిల్కెన్ని, టిప్పరరీ, కార్క్ దిక్కోళ్లే. ఒక్క రేవు చుట్టుపక్కలోళ్లు. ఐరిష్ భాషల ఆ దీవికి సొంతపేరున్నది, 'తలవ్ అన్ ఏష్క్', చేపల భూమి అని. సెయింట్ జాన్స్ నడుమల్నుంచి పారే వాగు పేరు గూడ వాటర్‌ఫర్డే. మీ బిడ్డను అడగున్రి, రోజు దాటుతనే ఉంటది.

నేనొకసారి దోస్తు కారుల దక్షిణం దిక్కు పోయిన. బే బుల్స్, ఫెర్రీలాండ్, ట్రెపాసీ... ఒడ్డెంబడి ఒక్కొక్క చిన్న సముద్రపు మడుగు, దాంట్ల ఒక ఊరు. మొదట్ల రోడ్లు ఎక్కడియి, పడవే తొవ్వ. ఈ మడుగుల అందరు ఐరిష్ కాథలిక్కులు, ఉత్తరం దిక్కు మడుగులల్ల ఇంగ్లిష్ ప్రొటెస్టెంట్లు. పెండ్లి గూడ తమళ్ల తమకే. చర్చిల పాదిరి ఐర్లండ్ నుంచే, ఆడపిల్లలకు సదువు చెప్ప 1833ల గాల్వే నుంచి వచ్చిన చర్చి సన్యాసినులు. పుట్టినకాన్నుంచి చచ్చేదాక ఇంకో యాస చెవులవడే తావే లేదు. వాళ్లు యాసను కాపాడలే మేడం, మార్చుకునే మోక దొరకలే.

నాకిది ఎందుకు అర్థమైందంటే, మా మేనమామలు మహారాష్ట్రల భివండీల ఉంటరు. మావోళ్లు మగ్గం ఇడిసిపెట్టి పవర్‌లూమ్‌లకు పోయిన్రు. అక్కడ పద్మనగర్‌ల అంత వరంగల్, సిరిసిల్ల, నల్లగొండ పద్మశాలీలే. మా అత్త ఇప్పటికి 'కందిలి' అంటది, 'గడంచ' అంటది, 'అర్ర' అంటది. కొత్తవాడల మా పొల్ల 'బెడ్‌రూమ్' తప్ప అర్ర ఏందో ఎరుగదు. (మీరు 'కింది అర్ర' అని రాస్తే ఖుషయింది.) వరంగల్ మాట వరంగల్‌ల మారింది, భివండీల ఆగింది.

డల్లాస్‌ల పిల్లగాడు ఒక్కడే మేడం. బడిల ఒక్కడు, గల్లీల ఒక్కడు. వాని తెలుగుకు తోడెవరు?

రామప్ప రాయి:

ఐరిష్ వాళ్లు ఆలుగడ్డల కరువుకు గదా పోయింది? 1845 అని ఇంటర్ల చదివినట్టు యాది. 1800 అంటున్నవ్ ఏంది తమ్మీ. ఇంకోటి, ఆ కరువుల పది లక్షల మంది చచ్చిన్రు, ఇంకో పది లక్షల మంది ఓడెక్కిన్రు అంటరు. బోస్టన్, న్యూయార్క్ నిండిపోయినయి. మరి బోస్టనోళ్లకు ఈ యాస ఎందుకు లేదు? వాళ్లే ఎక్కువ మంది గదా.

కొత్తవాడ పోరడు:

అన్నా, కరువు 1845ల మొదలైంది, ఏడేండ్లు నడిసింది. న్యూఫౌండ్‌లాండోళ్లు అంతకు ముందుగాల్నే వచ్చిన్రు, కూలికొచ్చినోళ్లు. బోస్టన్‌కు పోయినోళ్లు పెద్ద పట్నంల పడ్డరు. పక్కింట్ల ఇటలీవాడు, ఎదురింట్ల జర్మనీవాడు, ఫ్యాక్టరీల అందరు. పిల్లలు బడికిపోయి ఊరి ఇంగ్లిష్ పట్టుకున్నరు. మందిని సూడకు, చుట్టూ ఎవరున్నరో సూడు.

మానేరు కట్ట:

కొత్తవాడ తమ్ముడు బాగా చెప్పాడు కానీ ఒకటి కలుపుతాను. అక్కడ వినబడే ప్రతి వింత మాటా ఐరిష్ కాదు. 'ఐ నోస్', 'ఐ గోస్' అని అన్నింటికీ 'స్' తగిలించడం, 'వేర్ ఆర్ యు టు' అనడం డోర్సెట్, డెవన్ పల్లెల ఇంగ్లిష్ వాళ్ల సొత్తు. టీచరుగారి ఇంటావిడ అదీ ఇదీ కలిపే మాట్లాడుతుండొచ్చు, ఒకే ఊళ్లో రెండొందల ఏళ్లున్నాక కలవకుండా ఎలా ఉంటాయి.

ఇంకొక సంగతి. వారసత్వం నిలిచినంత మాత్రాన యాస నిలవాలని లేదు. కరీబియన్‌లో మాంట్‌సెరాట్ అని ఒక చిన్న దీవి ఉంది. అక్కడ మార్చి 17, సెయింట్ పాట్రిక్ పండగ, సెలవు. ఐర్లండ్ బయట అట్లా సెలవిచ్చే చోట్లు అరుదు. దిగిన వాళ్ల పాస్‌పోర్టు మీద ఆకుపచ్చ మూడాకుల ముద్ర వేస్తారు. రైలీ, స్వీనీ, ర్యాన్ లాంటి ఇంటిపేర్లు. మనుషులు మాత్రం ఎక్కువగా ఆఫ్రికా సంతతి. ఆ పేర్లలో చాలా మటుకు బానిసలను కొని పెట్టుకున్న ఐరిష్ తోటల యజమానుల నుంచి దిగినవే. 1768లో ఇదే పండగ రోజు, దొరలు తాగి ఉంటారని లెక్కవేసి బానిసలు తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. సంగతి ముందే పొక్కింది, కొందరిని ఉరితీశారు. కాబట్టి ఆ రోజు దీవి వాళ్లకు పండగ ఒక్కటే కాదు, ఆ ఉరికెక్కిన వాళ్లను తలచుకునే రోజు కూడా.

అక్కడి వాళ్లు ఐరిష్ యాసలో మాట్లాడతారని పెద్ద ప్రచారం. జాన్ వెల్స్ అనే ధ్వనిశాస్త్రవేత్త 1980లో ఆ సంగతి తేల్చి రాశాడు: యాస లేదు, మిగతా కరీబియన్ వాళ్ల మాటే. పేరు చూసి చెవికి యాస వినబడుతుందన్న మాట. 1995లో అగ్నిపర్వతం లేచి రాజధాని ప్లిమత్ బూడిద కింద పోయాక ఆ దీవి జనంలో సగానికి పైగా వలసపోయారు. పండగ మాత్రం ఆపలేదు.

అర్జెంటీనా కథ ఇంకో రకం. ఐర్లండ్‌లోని వెస్ట్‌మీత్, లాంగ్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్ వాళ్లు అక్కడికి గొర్రెలు కాయడానికి పోయి భూస్వాములయ్యారు. ఫాదర్ ఫాహీ అనే పాదిరి వాళ్ల డబ్బు దాచిపెట్టి, సంబంధాలు కుదిర్చి, పెళ్లిళ్లు చేసి అందరినీ ఒక్క కట్టుగా ఉంచాడు. పెళ్లిళ్ల పేరయ్య చచ్చిపోయాక కట్టు ఎన్నాళ్లుంటుంది? 1875లో ఇంగ్లిష్‌లో మొదలైన వాళ్ల పత్రిక 'ది సదర్న్ క్రాస్' ఇప్పుడు స్పానిష్‌లో వస్తోంది.

పద్మనగర్ బిడ్డ:

భివండీ పేరు వచ్చింది కాబట్టి నేను రాస్తున్న. నేను పుట్టింది పెరిగింది పద్మనగర్‌లనే, పెండ్లయి వరంగల్ వచ్చిన. మా బాపుది సిరిసిల్ల దిక్కు. వాళ్ల ఊరు మిడ్‌మానేరుల మునిగిపోయింది, ఇప్పుడు పోదామన్నా నీళ్లే.

కొత్తవాడ అన్న, మీరు మా మాట ఆగిపోయిందని మురిపెంగ చెప్పిన్రు. గని ఇక్కడికొచ్చిన కొత్తల మా ఆడిబిడ్డలు నన్ను సూసి నవ్వేటోళ్లు. 'తొవ్వ' అంటే నవ్వుడు, 'పైలం' అంటే నవ్వుడు. ముసలమ్మ లెక్క మాట్లాడుతున్నవ్ అనేటోళ్లు. నడుమల మరాఠీ దొర్లితే ఇంకో నవ్వు. భివండీల మేం తెలుగోళ్లం, వరంగల్‌ల నేను బంబయామెను. నాకు తెలుగు సదువ రాకుండె, మరాఠీ మీడియం. ఈ రాత మా బిడ్డతోని కలిసి ఫోన్ల కొట్టుకుంట నేర్చుకున్న, తప్పులుంటే ఏమనుకోకున్రి.

మేం గూడ ఏం కాపాడలేదు. బతుకమ్మ కాడ మా అవ్వ ఏం పాడితే మేం అది పాడినం, వేరేది రాదు కాబట్టి. ఇప్పుడు అక్కడి పిల్లలు హిందీల మాట్లాడుకుంటున్నరు. కారఖానాలు తగ్గినయి, పోరగాండ్లు వేరే పనులకు పోతున్నరు. మీ ఇంటామె పిల్లలు ఎట్ల మాట్లాడుతరు మేడం? అది అడగున్రి.

కొత్తవాడ పోరడు:

చెల్లె, నువ్వు చెప్పింది నిజం. నేను రెండేండ్లకోసారి పోయి నాలుగొద్దులుండి వస్త కాబట్టి నాకు ముద్దుగ వినవడుతది.

న్యూఫౌండ్‌లాండ్‌ల గూడ గదే కథ. 1954 నుంచి 1975 దాక సర్కారే పైసలిచ్చి దాదాపు 300 చిన్న ఊళ్లను లేపి పెద్ద ఊళ్లల్ల కలిపింది, కొందరు ఇండ్లను సముద్రం మీద తేలేసి గుంజుకపోయిన్రు. మీ బాపు ఊరు నీళ్లల్లకు పోయింది, వాళ్ల ఇండ్లు నీళ్ల మీద పోయినయి. 1992ల కాడ్ వేట బందు వెట్టిన్రు, చేపలు అయిపోయినయని. పడుచోళ్లు అంత కెనడా పడమటి దిక్కు ఆల్బర్టా రాష్ట్రం నూనె గనులకు. నాతోని సదివిన ఒకడు ఆ దీవిలనే కేప్ షోర్ అనే ఒడ్డు దిక్కు పిల్లగాడు, క్లాసుల టీవీల మాట్లాడినట్టు మాట్లాడేటోడు. వాళ్ల అమ్మ ఫోన్ వస్తే చాలు, గడియల మనిషి మారిపోయి నాకు ఒక్క ముక్క అర్థం గాకపోవు.

హన్మకొండ టీచరమ్మ:

అందరికి దండాలు. ఇంత చెప్తరనుకోలే.

భివండీ చెల్లె అడిగింది నేను అడిగిన. మా బిడ్డ ఇంటామెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు ఆల్బర్టాలనే. మనుమలు ఆమె మాటలకు నవ్వుతరట. "నవ్వితె నవ్వనీ, నవ్వుకుంట నేర్చుకుంటరు" అన్నది. ఆమెవాళ్లు వాటర్‌ఫర్డ్ దిక్కునుంచే వచ్చిన్రట, కొత్తవాడ తమ్ముడు చెప్పినట్టే. ఒకసారి ఐర్లండ్ నుంచి వచ్చిన యాత్రికుడొకాయన ఈమె మాట విని, మీరు వాటర్‌ఫర్డ్‌ల ఏ ఊరామె, ఇక్కడికి ఎప్పుడు దిగిన్రు అని అడిగిండట. పొద్దుగాల్నే దిగిన, పాలు తెద్దామని, అని చెప్పిందట ఈమె.

'స్ట్రీల్' గురించి గూడ అడిగిన. మా అవ్వ నన్ను తిట్టేది, నేను మీ బిడ్డను తిట్టిన అన్నది. ఇంకో తిట్టు నేర్పింది, 'స్లీవీన్' అంట. తియ్యగ మాట్లాడి గోతులు తవ్వేటోడు. మా కాలేజీల ఇద్దరు ముగ్గురు యాదికొచ్చిన్రు.

చెల్లె, నీ రాతల తప్పులు నాకైతే కనవడలే. నేను ఎర్రపెన్ను అవతల వెట్టిన.

నిన్న రాత్రి బిడ్డకు ఫోన్ జేసి తిన్నవా అని అడిగిన. "ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్, మమ్మీ" అన్నది. సరే తర్వాత తింటదేమోనని అరగంట ఆగి మళ్ల ఫోన్ జేసిన.