ఆటగాళ్లు రాసుకున్న అమ్మ మీద డీఎంకు ఎంత హక్కు?

పాచికలపెట్టె
డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఆటగాళ్లు ఒక్కో పాత్ర వేసి, పాచికలు వేస్తూ కథ నడిపే బల్ల ఆట. దాని 2014 నాటి నియమాలతో ఏడాదిన్నరగా ఒక క్యాంపెయిన్, అంటే చాలా రోజులు సాగే కథ, నడుపుతున్నాను. డీఎం (డంజన్ మాస్టర్, కథ నడుపుతూ మిగతా పాత్రలన్నీ ఆడే మనిషి) నేనే. మా యోధురాలి పాత్ర ఆడే అమ్మాయి మొదటి రోజే తన నేపథ్యంలో ఒక వాక్యం రాసింది: “మా అమ్మ రేవులో పడవ నడుపుతుంది. నేను సైన్యంలో చేరడం ఆమెకు ఇష్టం లేదు.” ఇన్నాళ్లలో ఆ తల్లి ఒక్కసారి కూడా కథలోకి రాలేదు. పోయిన ఆదివారం ప్రతినాయకుడు ఆమెను పట్టుకొచ్చి కోట బురుజు మీద నిలబెట్టాడు. లొంగిపోతే వదిలేస్తానన్నాడు.

ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. పాచికలు ఒక్కొక్కటిగా ఏరి సంచిలో వేసుకుంది. “అమ్మను ఇందుకోసం రాయలేదు” అని లేచి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లలో సగం మంది నాదే తప్పన్నారు, సగం మంది కాదన్నారు. మీరేమంటారు?

కోటగోడ
తప్పు లేదు. నేపథ్యం రాసి డీఎం చేతికి ఇవ్వడమంటే, ఇందులోంచి కథ అల్లమని ఇవ్వడమే. తాకకూడని తల్లి అయితే ఆమె పాత్ర కాదు, పటం కట్టి గోడకు తగిలించిన బొమ్మ. ఏమీ పోదని తెలిశాక ఆటలో గుండె ఎందుకు కొట్టుకుంటుంది? ఇప్పటికే కొత్త ఆటగాళ్లలో చాలామంది అనాథ పాత్రలతోనే వస్తున్నారు. బతికున్న తల్లిని రాసినవాళ్లే అరుదు. ఆ ఒక్కరినీ కథకు దూరంగా ఉంచితే ఎలా?

ఇరవైముఖాలు
అనాథలుగా ఎందుకు వస్తున్నారో ఆలోచించండి కోటగోడ గారూ. తల్లిని రాస్తే చెరబడతారు, చెల్లిని రాస్తే చంపుతారు. ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు రెండోసారి ఊరంతా తగలబడిపోయిందని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ అలవాటు నేర్పింది డీఎంలమైన మనమే.

లెక్క కూడా చూడండి. నియమాల్లో మామూలు పల్లెవాసికి 4 హిట్ పాయింట్లు, అంటే తట్టుకోగలిగే దెబ్బల లెక్క. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి కత్తి దెబ్బ సగటున 5. అంటే ఆ తల్లి ఒక్క దెబ్బకు పోతుంది. బురుజు మీద ఆమెకు చేయగలిగింది ఏమీ లేదు, నిలబడి ఏడవడం తప్ప. అలా నిలబెట్టాక ఆమె పాత్ర ఎలా అవుతుంది? నిధి పెట్టె కూడా అదే పని చేస్తుంది.

రెండోకుంపటి
హక్కు ఎవరిదన్న ప్రశ్న కంటే ముందు ఇంకొకటి ఉంది: ఆ తల్లికి ఏం కావాలి? పాచికలపెట్టె గారు రాసిన దాంట్లో ప్రతినాయకుడికి ఏం కావాలో ఉంది, కూతురు ఏం పోగొట్టుకుంటుందో ఉంది. తల్లి కోరిక ఒక్కటీ లేదు. ఏడాదిన్నర పాటు కనిపించని మనిషి మొదటిసారి తాళ్లతో కట్టేసి కనిపిస్తే, చూసేవాళ్లకు ఆమె మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

మహాభారతంలో కుంతిని చూడండి. కొడుకుల అరణ్య, అజ్ఞాతవాసాల పదమూడేళ్లూ హస్తినలో విదురుడి ఇంట ఉంది. కథ మధ్యలో లేదు. కానీ కృష్ణుడు రాయబారానికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు కొడుకులకు కబురు పంపింది. క్షేమసమాచారం కాదు, విదుల కథ. ఓడి వచ్చి పడుకున్న కొడుకును మాటలతో పొడిచి మళ్లీ యుద్ధానికి లేపిన తల్లి కథ. తర్వాత తనంతట తానే కర్ణుడి దగ్గరికి వెళ్లింది. ఆమెను ఎవరూ ఎత్తుకుపోలేదు. అయినా యుద్ధం మీద ఆమె నీడ ఎంత పొడుగో చూడండి.

మా బృందంలో జరిగింది కూడా చెబుతాను. దూరంగా ఉన్నవారికి 25 మాటల్లో కబురు పంపే మూడో స్థాయి మంత్రం ఉంది కదా, అవతలివారూ 25 మాటల్లోనే బదులివ్వాలి. మా పూజారి పాత్ర ఆడే అబ్బాయి పెద్ద యుద్ధానికి ముందు రాత్రి ఆ మంత్రాన్ని సైన్యం కోసం దాచుకోకుండా తల్లికి కబురు పంపాడు. డీఎం వేళ్ల మీద లెక్కపెడుతూ బదులిచ్చారు: “వంట అయింది. నువ్వు వచ్చేదాకా పొయ్యి ఆర్పను. కుంటి మేక ఈనింది, రెండు పిల్లలు. మీ నాన్న గురించి అడగకు. చలికి మెడకు గుడ్డ చుట్టుకో. తింటున్నావా? మీ మామయ్య వస్తే మాత్రం అస్సలు” – అక్కడితో 25 అయిపోయాయి. డీఎం ఆగిపోయారు.

యుద్ధం కాగానే మేమంతా ఎక్కడికి బయలుదేరామో చెప్పాలా? మూడు సెషన్లు ఆ మామయ్య వెనకే తిరిగాం. ఆ తల్లి ఒంటి మీద గీత కూడా పడలేదు.

కోటగోడ
ఆ 25 మాటలు బాగున్నాయి, ఒప్పుకుంటాను. కానీ బల్ల చుట్టూ అయిదుగురు కూర్చుంటారు. ఒకరి తల్లి కోరికల మీద మూడు సెషన్లు నడిస్తే మిగతా నలుగురు ఏం చేయాలి? అపహరణ అందరినీ ఒకేసారి లేపి పరుగెత్తిస్తుంది. పాతబడిన ఎత్తు కావచ్చు, పనిచేసే ఎత్తు.

వజ్రంధర500
మా దగ్గర జరిగింది చెబితే హక్కు సంగతి తేలుతుందేమో. ఒక పాత్ర తల్లి విషజ్వరంతో పోయింది. తల్లి మరణం కథలోకి రావచ్చా అని డీఎం ఆ ఆటగాడిని ముందే విడిగా అడిగారు, ఆయన సరేనన్నారు. మా పూజారి అప్పటికి తొమ్మిదో స్థాయి. 500 బంగారు నాణేల వజ్రం ఉంది, చనిపోయి పది రోజులు కాలేదు. చచ్చినవారిని లేపే మంత్రానికి అన్నీ సరిపోయాయి. కానీ ఆ మంత్రంలో ఒక షరతు ఉంది: తిరిగి రావడం ఆత్మకు ఇష్టమై ఉండాలి. డీఎం ఆ ఆటగాడి వైపు తిరిగి, “మీ అమ్మ వస్తుందా?” అని అడిగారు.

చాలాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి ఆయన “రాదు. అలసిపోయింది” అన్నారు. వజ్రం అలాగే మిగిలింది. మిగతా నలుగురం కళ్లు తుడుచుకున్నాం. ఒకరి తల్లి కథ మిగతావాళ్లకు పట్టదన్న మాట మా దగ్గర నిజం కాలేదు.

పాచికలపెట్టె
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ అమ్మాయికి ఫోను చేసి క్షమాపణ చెప్పాను. జరిగినదాన్ని కథలోంచి తీసేస్తానన్నాను. వద్దంది. “ఉండనివ్వండి, కానీ బురుజు మీద అమ్మ ఏం చేస్తుందో నేను చెబుతాను” అంది. సరేనన్నాను.

“మా అమ్మ ముప్పై ఏళ్లుగా ఆ నదిలో పడవ నడుపుతోంది. బురుజు కింద నీళ్లు ఎక్కడ లోతో ఆమెకు తెలుసు. ఎత్తు ఎంత?” అని అడిగింది. 20 అడుగులన్నాను. దెబ్బ ఎంతో తేల్చడానికి పది అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక లెక్కన రెండు పడాలి. లోతు తెలిసి దూకుతుంది కాబట్టి నష్టం సగమే చేస్తాను. ఆమెకు ఉన్నవి ఆ 4 పాయింట్లే, వాటిని పెంచనా అని అడిగితే అదీ వద్దంది. పాచికలు మాత్రం తనే వేస్తుందట.

కోటగోడ
అపహరణ తప్పని ఇప్పటికీ అనను. అయినా ఆ రెండు పాచికలు పడే చోట నేను కూడా ఉంటే బాగుండేది. ఆదివారం రాత్రి ఎంత ఆలస్యమైనా ఇక్కడ రాయండి.