తుఫాను టీవీలోనా, మన వీధిలోనా? నెల్లూరు, ఒంగోలు వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

మూలాపేట_బుజ్జి:
మొన్న పొద్దున్నే మా అక్క హైదరాబాదు నుంచి ఫోను. ఏడుపు గొంతు. “అమ్మ ఎట్టుండాది రా, నెల్లూరు మునిగిపోయిందంట కదా” అని. అమ్మ అప్పుడు వాకిట్లో ముగ్గేస్తుండాది. ముగ్గు చెరగలేదంటే వాన సంగతి మీరే అర్థం చేసుకోండి. అక్క పంపిన వీడియో తెరిస్తే పైన ఎర్రక్షరాలు, ‘జలదిగ్బంధంలో నెల్లూరు’. కింద చూపిస్తుండేది మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి. ఊళ్ళో వాళ్ళకు చెప్పాల్సిన పన్లేదు, దాంట్లో నీళ్ళు నిలబడేదానికి తుఫాను అక్కర్లేదు, గట్టిగా రెండు జల్లులు చాలు. సగం మునిగిన ఆ ఆటోను మాత్రం నేను ఇంతకుముందు కూడా చూసుండాను.
నా బాధ ఏందంటే, నిజంగా వచ్చినప్పుడు అక్క మళ్ళా ఫోన్ చేస్తే నేను నమ్మను. మీరంతా ఎట్టా తేల్చుకుంటుండారు, ఏది నిజం ఏది హడావిడి అని?

రొయ్యల_గుంట:
నువ్వు ఏడుపు గొంతు విన్నావు బుజ్జీ, నేను డబ్బు పోగొట్టుకున్నా. మాది ఇందుకూరుపేట పక్క. గుంటలో సరుకు 70 కౌంట్‌కు, అంటే కిలోకు 70 రొయ్యలు తూగేదానికి వచ్చుండాది, ఇంకో పది రోజులు ఆగితే రొయ్య పెరిగి 60 పడేది. అప్పుడే యూట్యూబులో ఒకటే మోత, ‘మహా ప్రళయం, నెల్లూరు తీరం ఖాళీ’ అని. వెనక సినిమాలో రాక్షసుడు వచ్చేటప్పుడు కొట్టే మ్యూజిక్కు. మాకు వానంటే భయం వేరే. కరెంటు పోతే నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోతాయి, డీజిల్ ఇంజన్ మొరాయిస్తే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. నీళ్ళల్లో ఉప్పు శాతం ఒక్కసారిగా పడిపోయినా కష్టమే. దాంతో చుట్టుపక్కలోళ్ళంతా ఒకే రాత్రి పట్టుబడి పెట్టేశారు. కొనేటోడికి అంతకన్నా ఏం కావాల? కిలోకు 40 రూపాయలు కోసేశాడు. ఐసు లేదు, కూలీ రెట్టింపు. రెండ్రోజుల తర్వాత చూస్తే సన్న జల్లు. ఆ వీడియో చేసినోడు బెజవాడలోనో యాడనో ఏసీ గదిలో కూర్చోనుంటాడు. వాడికి వ్యూసు, నాకు నష్టం.

ఒంగోలు_గిత్త:
నేను మాత్రం అరవనీండి అంటాను. మా చుట్టాలు కొత్తపట్నం పల్లెపాలెంలో ఉన్నారు. పడవ గట్టుకు లాక్కోవడానికి పది మంది సాయం కావాలి, ఒక రోజు వేట పోతుంది. అదే పడవా వలా పోతే ఎన్నేళ్ళ అప్పు? పదిసార్లు ఊరికే లాక్కున్నా ఒకసారి మిగిలితే చాలు. మెత్తగా చెప్తే మా బాబాయి కదలడు. “ఇట్టాంటివి ఎన్ని చూళ్ళేదు” అంటాడు. టీవీలో కేకలు విన్నాకే చెప్పులేసుకుని లేచాడు.

రొయ్యల_గుంట:
గిత్తన్నా, పడవ మళ్ళా నీళ్ళల్లోకి దించుకోవచ్చు. పట్టేసిన రొయ్యను గుంటలోకి దించలేం గదా.

కావలి_పెద్దాయన:
పిల్లలూ, ఒక ముక్క చెప్తాను. 1989 నవంబరులో మా కావలి దగ్గరే తీరం దాటిన తుఫానుకు గే అని పేరు. థాయ్‌లాండ్ గల్ఫ్‌లో పుట్టి, మధ్యలో సన్నటి భూమి దాటుకోని బంగాళాఖాతంలోకి వచ్చి, ఇంత సముద్రం ఈది మా నెత్తిన పడింది. అప్పుడు మా ఇంట్లో ఒక ట్రాన్సిస్టరు. సెల్లులు అయిపోవస్తే మధ్యాన్నం ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగేవాళ్ళం. ఆ ముసురులో ఎండ యాడిది, మా నాయన సెల్లులు గుడ్డలో చుట్టి పొయ్యి పక్కన వెచ్చబెట్టాడు. రేడియోలో వార్తలు చదివే ఆయన గొంతు ధరవరలు చదివినంత నిదానంగా ఉండేది. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు, తీరప్రాంతం వాళ్ళు సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలి, అంతే. ఆ రెండో మాట వచ్చినాక మా నాయన ఇంకేం అడక్కుండా గొడ్ల పలుపులు విప్పేశాడు. ఆ రాత్రి గాలి ఒక్కసారి ఆగిపోయింది. హమ్మయ్య అనుకునే లోపల రెండో దిక్కు నుంచి మొదలైంది. తెల్లారి చూస్తే తాటిచెట్లు నిలబడే ఉండాయి, తలకాయలు లేవు.
కేక వేస్తేనే కదులుతారని గిత్త అంటుండాడు. మా నాయన్ను కదిలించిన మాటలో కేక లేదబ్బాయా.

వాన_పిచ్చోడు:
అందరూ తిట్టుకుంటుంటే నేను కాస్త విసుగు పుట్టిస్తాను, క్షమించండి. అల్పపీడనం వేరు, వాయుగుండం వేరు, తుఫాను వేరు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుఫాను, అప్పుడే పేరు పెడతారు. టీవీలో అల్పపీడనం పుట్టకముందే తుఫానుకు నామకరణం చేసి బారసాల కూడా అయిపోతుంది. ఇంకొకటి, ‘కృష్ణపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని రాగానే ఇంట్లో బియ్యం కొనుక్కోనక్కర్లేదు. ఆ నంబర్లు ఓడలకు. 1 నుంచి 11 దాకా ఉంటాయి. మూడు, నాలుగు అంటే రేవులో గాలివాన ఉండొచ్చని జాగ్రత్త చెప్పడం. ఎనిమిది నుంచి మహా ప్రమాదం కింద లెక్క. మన ఇంటికి కావాల్సింది వాతావరణశాఖ జిల్లాలవారీగా ఇచ్చే రంగు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు, రెడ్ అంటే ఇక కదులు.
2023 డిసెంబరు తుఫాను పేరు ఒక్కో ఛానల్లో ఒక్కోలా చదివారు గుర్తుందా? మిచౌంగ్, మిచాంగ్, మిగ్‌జాం. మూడు తుఫాన్లు వస్తున్నాయనుకుని మా అత్తయ్య దీపం పెట్టింది.

స్ట్రింగర్‌ని_నేనే:
నన్ను తిట్టబోతున్నారని తెలిసే రాస్తున్నా. స్ట్రింగర్ అంటే వార్తకు ఇంత అని ఛానల్‌కు పనిచేసే విలేకరి. పేరు చెప్పను, ఛానల్ అసలే చెప్పను. మాకు నెల జీతం లేదు, పెట్రోలు మనదే, ఐటమ్ వాడుకుంటే లెక్క, లేకపోతే లేదు. తుఫాను రోజు డెస్కు నుంచి ఫోను: “విజువల్ వీక్‌గా ఉంది, నీళ్ళలో దిగు.” నీళ్ళు లేవు సార్ అంటే పక్క ఛానల్లో ఉన్నాయిగా అంటారు. ఒకసారి నేను రోడ్డు పక్క కాలవలోకి దిగి తొడల దాకా నీళ్ళలో నిలబడి లైవ్ ఇచ్చాను. కెమెరా నాలుగడుగులు ఎడమకు తిప్పితే రోడ్డు మీద స్కూలు పిల్లలు చెప్పులు తడవకుండా నడిచిపోతున్నారు. చేసింది నేనే, ఎవరి మీదా పెట్టను. ఇంటికొచ్చాక మా ఆవిడ ప్యాంటు చూసి “నీళ్ళు యాడుండాయి?” అని అడిగింది.
కానీ ఇంకో సంగతి కూడా వినండి. 2021 నవంబరులో నెల్లూరు దగ్గర పడుగుపాడు నుంచి నిజం విజువల్స్ పంపాను. రైలు పట్టాల కింద మట్టి, కంకర అంతా కొట్టుకుపోయి పట్టాలు దండెం మాదిరి వేలాడుతున్నాయి. వేశారు కొంతసేపు. ఆ వారం అంతా అసెంబ్లీ గొడవే నడుస్తుండె, మళ్ళా దాంట్లోకి వెళ్ళిపోయారు.

కోవూరు_కోడలు:
ఆ పడుగుపాడు పక్కనే మా ఇల్లు. పైన బుజ్జి అడిగినదానికి నా జవాబు ఇదే: మేం నమ్మలేదు, అందుకే మునిగాం. అంతకు ముందు వారమంతా టీవీ అరుస్తానే ఉండాది, మాకేం కాలేదు. ఆ రోజు మా వీధిలో వాన కూడా లేదు. బట్టలు ఆరేసుండా. నీళ్ళు ఆకాశం నుంచి రాలేదు గదా, కడప నుంచి వచ్చాయి. 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్ళంతా పెన్నలోకి, అక్కణ్ణుంచి సోమశిల రిజర్వాయరుకు. సోమశిలలో పట్టేది 78 టీఎంసీలు, అదప్పటికే నిండుకుండ. వచ్చింది వచ్చినట్టు కిందకు వదలాల్సిందే. ఐదు లక్షల క్యూసెక్కుల పైమాట. హైవే తెగింది, చెన్నై రైళ్ళు ఆగిపోయాయి. టీవీలో నాకు వాన ఎంత పడుతుందో చెప్పినోళ్ళు ఉండారు గానీ, సోమశిల గేట్లు ఎన్ని ఎత్తారో, ఆ నీళ్ళు మా ఇంటికి ఎప్పటికి చేరతాయో చెప్పినోళ్ళు లేరు. మా అత్త మిద్దె ఎక్కేటప్పుడు పట్టుకొచ్చింది ఏందో తెలుసా? టీవీ రిమోట్. కంగారులో చేతిలో ఉండిపోయింది. ఇప్పటికీ నవ్వుకుంటాం, ఆ రోజు నవ్వు రాలేదు.

ఒంగోలు_గిత్త:
అక్కా, ఈ ముక్క విన్నాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. కొంచెమే. మొన్న 2025 అక్టోబరులో మొంథా అప్పుడు కూడా అంతే అయింది. అది 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. కెమెరాలన్నీ కాకినాడ వైపు తిప్పి పెట్టారు. ఇక్కడ మా ఒంగోల్లో కాలనీల్లోకి నీళ్ళొచ్చి మంచాల మీద స్టవ్వు పెట్టుకున్న వాళ్ళున్నారు. తీరం దాటే చోటు దూరమైతే మనకు సెలవనుకుంటారు వీళ్ళు.

అద్దంకి_రోడ్డు:
గుండ్లకమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదే. 2023 డిసెంబరులో మల్లవరం దగ్గర ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2022లో ఇంకో గేటు పోయింది, ఇది రెండోసారి. యూట్యూబులో ఏమని పెట్టారు? ‘డ్యామ్ గల్లంతు, ఒంగోలుకు గండం’. డ్యామ్ ఎక్కడికీ పోలేదు. పోయింది నీళ్ళు, సముద్రంలోకి. ఆ నీళ్ళ మీద ఆశ పెట్టుకుని నారు పోసుకున్న రైతు ఏమయ్యాడు, ఏడాది గడిచాక మళ్ళీ గేటు ఎట్టా ఊడింది, తుప్పు పట్టిందని ముందే తెలియదా? అసలు వార్త ఇది. దీనికి మ్యూజిక్కు కుదరదు కదా, అందుకని వదిలేశారు.

ముండ్లమూరు_వాసి:
మాది తుఫాను కాదు, అయినా ఇక్కడే చెప్పుకోవాలి. 2024 డిసెంబరులో మా మండలంలో, తాళ్ళూరు వైపు వరసగా మూడు రోజులు భూమి అదిరింది. రిక్టరు స్కేలు మీద మూడు పాయింట్ల చిల్లర. బీరువా తలుపు టకటకమంది, అలమార్లో గిన్నెలు కదిలాయి, బళ్ళో పిల్లలు బయటికి పరిగెత్తారు. అంతే. భయపడ్డాం, కాదనను. కానీ ఒక వీడియోలో మా ఊరి పేరు రాసి అపార్టుమెంట్లు కూలుతున్నట్టు చూపించారు. ఆరంతస్తుల బిల్డింగు మా మండలంలో ఎవరు కట్టారో చూపిస్తే నేనూ చూసొస్తాను.

మూలాపేట_బుజ్జి:
అందరూ రాసింది అక్కకు పంపించా. “మరి నేను ఏది చూడాల రా” అని అడిగింది. జిల్లా రంగు, సోమశిల లెక్క, ఈ రెండే చూడమని చెప్పా. వీడియో పంపితే తిరిగి పంపిస్తానని కూడా చెప్పా.

కోవూరు_కోడలు:
ఆ లెక్క సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతుండా. పైన కడపలో నిన్నటి నుంచి పడుతుండాదంట. సోమశిల నుంచి ఇప్పుడు ఎంత వదులుతుండారో ఎవరికన్నా తెలుసా? మా మామ కయ్యల్లో మోటరు కింద పెట్టుండాడు.

స్ట్రింగర్‌ని_నేనే:
అక్కడ గేట్లు చూసుకునే లస్కర్ ఒకతను తెలుసక్కా, ఫోన్ చేస్తున్నా. పది నిమిషాలు ఆగండి.

కోవూరు_కోడలు:
సరే తమ్ముడూ. అంతలోపల మోటరు పైకి తీపిస్తా.